యంత్రయుగమున భాషాసమత్వము: వర్ణసమామ్నాయవిచారము

భాషలన్నియు సమానములే యను మాట నేఁడు సభలలోఁ దఱచుగా వినవచ్చుచున్నది. ఐక్యరాజ్యసమితికిఁ జెందిన యునెస్కో సంస్థ 2003వ సంవత్సరము అక్టోబరు నెలలో నొక సిఫారసును గావించి, ఇంటర్నెట్టునందు బహుభాషావ్యవహారమును బెంపొందింపవలయుననియు, విజ్ఞానము సర్వజనులకు నందుబాటులో నుండవలయుననియు సభ్యరాజ్యములకుఁ దెలిపినది. భారత రాజ్యాంగమందలి యెనిమిదవ షెడ్యూలు 1950లో 14 భాషలతో నారంభమై, 1967, 1992, 2003 సంవత్సరముల సవరణలచేత 22 భాషలకుఁ బెరిగినది. ఈ సిఫారసులును శాసనములును గొనియాడఁదగినవే. కాని యొక భాషకు సమత్వము శాసనమాత్రముచేత సిద్ధించునా యనునది విచారింపవలసిన విషయము. పూర్వము అచ్చుకూటమున సీసపుటక్షరమును బోఁత పోసినచో భాష పుస్తకమునఁ బ్రవేశించెడిది. నేఁడు పుస్తకము, ఉత్తరము, అర్జీ, పాఠము, నిఘంటువు మొదలగున వన్నియు కంప్యూటరునందును ఫోనునందును బుట్టి, యందే చదువఁబడుచున్నవి. అందుఁ బ్రవేశించుటకు ద్వారము వర్ణము. వర్ణమునకుఁ జోటు లేని భాషకు శాసన మెంత గౌరవ మిచ్చినను ఆ గౌరవము వాకిటనే నిలిచిపోవును. కావున యంత్రయుగమున భాషాసమత్వము మొదట లక్షణశాస్త్రవిషయము, పిమ్మటనే రాజ్యవిషయము.

ఇందుఁ గొంద ఱిట్లు తలంతురు: యంత్రములందు భాషల యెక్కువతక్కువలు జనసంఖ్యచేతను ధనముచేతను గలుగునవి, ఎక్కువమంది మాటలాడు భాషకు వర్తకు లెక్కువ సౌకర్యములు కల్పింతురు, ఇందుఁ బండితులకుఁ బని లేదు. ఈ మాటలో సత్యాంశము లేకపోలేదు. కాని జనసంఖ్యయే సర్వమునకుఁ బ్రమాణ మైనచో, 2011 జనాభా లెక్కలలో 8 కోట్ల 11 లక్షలమందికి మాతృభాషగా నున్న తెలుఁగునకు, తన వ్యాకరణము పేర్కొన్న ముప్పదియాఱు వర్ణములలో రెండు 17 సంవత్సరముల కాలము యంత్రమునఁ జోటు లేక యుండుట యెట్లు పొసఁగును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు, యంత్రమున వర్ణము లెట్లు నిలుచునో ముందుగాఁ దెలిసికొనవలయును.

వర్ణములకు సంఖ్యలు

యంత్రమునకు అక్షరము కన్నులకుఁ గానవచ్చు రూపముగాఁ దెలియదు. దానికిఁ దెలిసినది సంఖ్య యొకటియే. ప్రతివర్ణమునకు నొక సంఖ్య నియతమై యుండవలయును. ఆ సంఖ్య లోకమందలి యంత్రముల కన్నిటికిని సమ్మతమై యుండవలయును. అమెరికాలో 1963లో నేర్పడి 1967లో సవరింపఁబడిన యాస్కీ యను పట్టికలో 128 స్థానములు గలవు. ఆంగ్లభాష పెద్దక్షరములు 26, చిన్నక్షరములు 26, అంకెలు 10, విరామాదిచిహ్నములు, యంత్రమును నడపు సంకేతములు వానిని నింపివేసినవి. ఫ్రెంచి, జర్మను భాషల విశేషాక్షరములకే యందుఁ జోటు లేకుండఁగా, భారతీయభాషల మాట చెప్పవలసినది లేదు.

భారతదేశమున ఇస్కీ యను పట్టిక యేర్పడి, 1991లో భారతీయ ప్రమాణముల సంస్థచేత ఐ.ఎస్. 13194 అను పేర నంగీకరింపఁబడినది. బ్రాహ్మినుండి పుట్టిన లిపులలోఁ గకారము నాగరియందైనను, తెలుఁగునందైనను, వంగమునందైనను గకారమే గావున, అన్ని లిపులందును దాని కొకే సంఖ్యను నియమించిరి. 1991 అక్టోబరున వెలువడిన యూనికోడు తొలికూర్పు ఇస్కీ యొక్క 1988 నాఁటి క్రమమును గైకొని, యొక్కొక్క లిపికిఁ బ్రత్యేకముగా 128 స్థానముల చొప్పున నిచ్చినది. తెలుఁగు స్థానములు 3072 మొదలు 3199 వఱకు. తెలుఁగు కకారము 3093. నాగరి కకారము 2325. కన్నడ కకారము 3221. ఈ సంఖ్యల యంతరములన్నియు 128కి గుణిజములే. స్థానకరణప్రయత్నములఁ బట్టి వర్ణములను వర్గీకరించిన ప్రాచీన శిక్షాకారుల వ్యవస్థ యీ విధముగా యంత్రములోపలఁ బ్రవేశించినది.

పాణినీయమున వర్ణములు లోకప్రసిద్ధమైన క్రమమునఁ గాక, శాస్త్రకార్యమునకు ననుకూలముగా 14 మాహేశ్వరసూత్రములలోఁ గూర్పఁబడినవి. వర్ణక్రమము కార్యమును బట్టి యుండవలయునను సూక్ష్మము పండితులకుఁ గ్రొత్తది కాదు. యూనికోడు పట్టికయు నట్టి యొక సమామ్నాయమే. భేద మేమనఁగా, వ్యాకరణమునఁ జెప్పఁబడని వర్ణము లోకమునఁ బలుకఁబడుచు నిలుచును. ఈ పట్టికలోఁ జేరని వర్ణము యంత్రవ్యవహారమునుండి పూర్తిగాఁ దొలఁగిపోవును.

స్థాని, ఆదేశము, అనుబంధము

రాష్ట్రము అను పదమును గైకొనవచ్చును. కన్నులకు మూఁడక్షరములు. యంత్రమునకుఁ దొమ్మిది సంకేతములు: రకారము, ఆకారచిహ్నము, షకారము, విరామము, టకారము, విరామము, రకారము, మకారము, ఉకారచిహ్నము. టవత్తు, రవత్తు అనునవి పట్టికలో లేవు. విరామమునకుఁ బరమైన హల్లునకు వత్తు ఆదేశముగా వచ్చును. పట్టికలో నున్నది స్థాని. తెరపైఁ గానవచ్చునది యాదేశము. ఆదేశవిధి యక్షరరూపముల కూర్పునందు, అనఁగా ఫాంటునందు, నుండును. తెలుఁగు వ్రాఁత నడచుటకు స్థానియు నాదేశవిధియు రెండును గావలయును.

1991లో తెలుఁగు వర్ణములకు స్థానములు లభించినవి. కాని సామాన్యుని బల్లపై నున్న కంప్యూటరునందుఁ దెలుఁగు వత్తులు సరిగాఁ గానవచ్చుటకు మైక్రోసాఫ్టు వారి విండోస్ ఎక్స్.పి. 2001లో గౌతమి యను ఫాంటుతో వెలువడువఱకు వేచియుండవలసి వచ్చినది. ఈ నడుమ తెలుఁగు దినపత్రికలు పెక్కు తమతమ సొంతసంకేతములతో ఫాంటులను గల్పించుకొనినవి. ఒక పత్రిక వ్రాఁత మఱియొక ఫాంటులో నర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగాఁ గానవచ్చెడిది. అచ్చైన కాగితము నిలిచినను, ఆ కాలపు యంత్రలేఖనములు మార్పిడి చేసికొననిచోఁ జదువ శక్యములు గావు.

పాణినీయమున ననుబంధములు తాము పలుకఁబడకయే కార్యమును నిర్దేశించి తొలఁగును. యూనికోడునందును అట్టివి రెండు గలవు. ఒకటి కలయికను వారించు నదృశ్యసంకేతము. రెండవది కలయికను గోరు నదృశ్యసంకేతము. సాఫ్ట్‌వేరు అను పదమున టకారమునకు వకారము వత్తుగాఁ జేరకుండుటకు మొదటిదానిని విరామము తరువాత నుంచవలయును. తెరపై నది కానరాదు. దాని పని మాత్రము కానవచ్చును. ఈ సూక్ష్మమును యంత్రనిర్మాతలు సరిగా గ్రహింపమి వలనఁ గలిగిన చిక్కునకు 2018 ఫిబ్రవరి నెలలో జరిగినది యుదాహరణము. జ్ఞాన శబ్దమందలి మొదటి యక్షరమును జకారము, విరామము, ఞకారము, వారించు నదృశ్యసంకేతము, ఆకారచిహ్నము అను క్రమమునఁ బంపినప్పుడు, ఆపిల్ వారి ఐఫోనులలో నాఁటి కూర్పు దానిని తెరపైఁ జూపలేక, సందేశములు చదువు కార్యక్రమములు నిలిచిపోయినవి. ఆ నెలలోనే దిద్దుబాటుతోఁ గ్రొత్తకూర్పు వెలువడినది. పత్రికలు దీనిని ఫోనులను జెఱచు తెలుఁగక్షరమని వర్ణించినవి. చెఱుపు అక్షరమునందు లేదు. దాని లక్షణమును బరీక్షింపకయే వస్తువును లోకమునకు విడుచుటయందున్నది. ఆంగ్లమున ప్రతియక్షరమును వేయివిధములఁ బరీక్షించిన తరువాతనే యట్టి వస్తువు వెలువడును. అసమత్వ మనునది యిట్టి చోటులనే తెలియవచ్చును.

తప్పిన వర్ణములు

పరవస్తు చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమునఁ దెలుఁగునకు ముప్పదియాఱు వర్ణములను బేర్కొనెను. వానిలోఁ దాలవ్యములగు చ జ లును, దంత్యములగు ౘ ౙ లును వేర్వేఱుగా లెక్కింపఁబడినవి. యూనికోడు తొలికూర్పున నరసున్నకును శకటరేఫమునకును జోటు గలిగినది గాని, దంత్యములగు ౘ ౙ లకు లేదు. అవి 2008లో వెలువడిన 5.1 కూర్పునఁ జేరినవి. వ్యాకరణకర్త లెక్కించిన 150 సంవత్సరములకు యంత్రము వానిని లెక్కించినది.

సంస్కృతమును దెలుఁగులిపిలో వ్రాయువారి కింకను జిత్రమైన కొఱఁత యుండెడిది. ఌకారమునకు అచ్చుగా 1991లోనే స్థానము గలదు. కాని ఆ వర్ణము భాషలోఁ బ్రయుక్త మగుట ప్రాయికముగాఁ గౢప్తము మొదలగు పదములయందే. అక్కడఁ గావలసినది హల్లుతోఁ జేరు చిహ్నము. అది 2008 వఱకు లేదు. అవగ్రహచిహ్నమును (ఽ) నట్లే 2008లోఁ జేరినది. అప్పుడే పాతలెక్కలయందలి భిన్నాంకములకును తూము గుఱుతునకును జోటు లభించినది. తొలికాలపు తెలుఁగు శాసనములఁ గానవచ్చు ఴకారము 2014లోను, శకటరేఫముకంటె భిన్నముగా శాసనములందుఁ జెక్కఁబడిన ౚ అను వర్ణము 2015లోను, వ్రాఁతప్రతులందును పాత యచ్చుపుస్తకములందును బరిచితమైన నకారపొల్లు (ౝ) 2021లోను జేరినవి. 1991లోఁ దెలుఁగు గదిలో 80 స్థానములు నిండియుండఁగా, 2021 నాఁటికి 100 నిండినవి.

ఈ చేరిక లెట్లు జరిగినవో పండితులు గమనింపవలసి యున్నది. యూనికోడు సంఘము ప్రతిపాదనను వ్రాయువాని పదవిని గాని ధనమును గాని యడుగదు. ఫలాని వర్ణము గలదు, ఫలాని శాసనమునందు, ఫలాని ముద్రితగ్రంథమునందు నిది ప్రయుక్తము, దీనికి వేఱువర్ణముతో భేద మిది, అని సప్రమాణముగాఁ జూపుమని యడుగును. అనఁగా నది యడుగునది లక్షణమును లక్ష్యమును. భాషాభిమానులు కొందఱు గ్రంథములు వెదకి, పుటల ప్రతిరూపములు జతపఱచి ప్రతిపాదనలు పంపుటచేతనే పై వర్ణములకుఁ జోటు గలిగినది. 17 సంవత్సరము లాలసించుటకుఁ గారణము జనసంఖ్య కొఱవడుట కాదు. లక్ష్యలక్షణములను జూపువారు ముందుగాఁ బూనుకొనకపోవుటయే. పూర్వపక్షమున వేసిన ప్రశ్నకు నిదియే సమాధానము.

స్థానము లభించిన మాత్రమునఁ బని ముగియలేదు. నకారపొల్లును జూపు విధి లేని ఫాంటులో దాని చోట నొక ఖాళీపెట్టె కానవచ్చును. వలపలగిలక విషయ మింకను సూక్ష్మము. దానికి వేఱు స్థానము లేదు. రేఫము, విరామము, కలయికను గోరు నదృశ్యసంకేతము వరుసగా వ్రాసినచో నది యాదేశముగా రావలయునని విధి. కాని యన్ని ఫాంటులును ఈ విధిని బాటింపవు. పాతపుస్తకమును ఎత్తివ్రాయువాఁడు విసిగి, రూపసామ్యమును బట్టి ౯ అను నంకెను వలపలగిలకకు మాఱుగా నుంచినచోఁ గంటికి సరిపోవును. యంత్రమున కది తొమ్మిదియే. అట్లే నిండుసున్నకును (ం) సున్న యంకెకును (౦) రూపము సమానము, సంఖ్య వేఱు. ఒకదానికి మాఱుగ నొకటి పడినచో నా పదము నిఘంటువునకుఁ గాని వెదకులాటకుఁ గాని చిక్కదు. కంటికి శుద్ధముగాఁ గానవచ్చు పుట యంత్రమున కపభ్రంశముగా నుండవచ్చు ననుట యిట్టిదే.

వ్యయమునందలి భేదము

సంకేతములు యంత్రమునందుఁ బట్టుచోటును బైటులతోఁ గొలుతురు. నేఁడు ఇంటర్నెట్టునందు సర్వత్ర వాడుకలో నున్న యు.టి.ఎఫ్.-8 అను పద్ధతి 1992లోఁ గల్పింపఁబడినది. అందు యాస్కీ యక్షరమునకు నొక బైటు, తెలుఁగు సంకేతమునకు మూఁడు బైటులు పట్టును. తెలుగు అను పదమున సంకేతము లాఱు. ఆంగ్లాక్షరములతో వ్రాసినను నాఱే. ఆంగ్లమున 6 బైటులు పట్టఁగాఁ దెలుఁగున 18 పట్టును. అరసున్నతో వ్రాసినచో 21. ఫోనులో నొక సంక్షిప్తసందేశమున ఆంగ్లమున 160 అక్షరములు పట్టును. తెలుఁగున 70 సంకేతములు మాత్రమే పట్టును. రాష్ట్రము అను నొక పదమునకే 9 సంకేతములు పోవును గదా.

ఈ భేదము ద్వేషముచేతఁ గల్పింపఁబడినది కాదు. ముందున్న ఆంగ్లలేఖనములను జెఱుపక క్రొత్తవానిని జేర్చవలయునను నియమము వలన ముందు వచ్చినవానికిఁ జిన్నసంఖ్యలు దక్కినవి. నిలువచేయుచోటు చవుకయైన యీ కాలమున బైటుల భేదము పెద్దబాధ కాదు. కాని 2022 చివరినుండి లోకమున వ్యాపించిన కృత్రిమమేధా యంత్రములయందు నీ భేదమే మఱియొక రూపమున మరల వచ్చినది. అవి వాక్యమును ఖండములుగా విఱిచి గ్రహించును. ఏ ఖండము లుండవలయు ననునది, శిక్షణకై పోసిన గ్రంథరాశియం దేవి తఱచుగా వచ్చినవను దానిని బట్టి యేర్పడును. ఆ రాశియందు ఆంగ్లము మిక్కిలి గావున ఆంగ్లపదము ప్రాయికముగా నొక ఖండముగనే యుండును. తెలుఁగుపదము పెక్కు ముక్కలగును. ఆ ముక్కలకుఁ బ్రకృతిప్రత్యయవిభాగముతో సంబంధము లేదు. వెల ఖండముల లెక్కను గట్టుదురు గాన, ఒకే యర్థమును దెలుఁగున నడిగినవాఁ డెక్కువ వెల యిచ్చును. యంత్రము గుర్తుంచుకొనఁగల పరిమితిలోఁ దక్కువ విషయమే యిముడును. దీనికి మందు శుద్ధమైన తెలుఁగు గ్రంథరాశిని బెంచుటయు, విభక్తిప్రత్యయములను బట్టి పదమును విఱుచు విధులను నిర్మించుటయు. రెండును లక్షణజ్ఞుల తోడ్పాటు లేక జరుగునవి కావు.

వెదకినఁ జిక్కని వాఙ్మయము

పాఠశాలాపండితులకు మిక్కిలి దగ్గఱి విషయము వెదకులాట. నేఁటి విద్యార్థి పుస్తకమును మొదటినుండి చదువుటకు ముందు యంత్రమునఁ బదమును వెదకును. దొరికినదియే కలదనుకొనును. యంత్రము సంఖ్యల వరుసను సంఖ్యల వరుసతోఁ బోల్చిచూచును. తెలుఁగు అని వెదకినచోఁ తెలుగు అను రూపమును గాని, తెలుగు అని వెదకినచో నరసున్నతోడి రూపమును గాని, రెండింటికి నభేదమును విధింపనిదే యది చూపదు. అరసున్నలతోను శకటరేఫములతోను అచ్చైన గ్రంథములును, వ్యాఖ్యలును, పరిషత్పత్రికలును నేఁటి వాడుకరూపముతో వెదకువానికి దొరకక పోవుట కిది యొక కారణము.

అరసున్న నొక్కదానిని సవరించిన మాత్రమునఁ జాలదు. నన్నుఁ జూచె అనుచోట ద్రుతమునకుఁ బరమైన చకారము జకారమైనది. చూచె అని వెదకిన యంత్రమునకు జూచె అనునది వేఱుపదము. వాఁడు వోయె అనుచోటఁ గ్రియ పకారాదియని యంత్రము కెవరు చెప్పవలయును? ఊరెల్ల అనుచోట ఊరు అను పదము కలదని యెట్లు తెలియును? సరళాదేశము, గసడదవాదేశము, ఉత్వసంధి, యడాగమము అను వానిని యంత్రవిధులుగా వ్రాసి యిచ్చిననే తెలియును. ఈ విధులు బాలవ్యాకరణమునఁ గ్రమబద్ధముగాఁ జెప్పఁబడినవి. వానిని యంత్రమునకుఁ బట్టునట్లు మఱల వ్రాయుట మిగిలియున్న పని.

ఈ పని సాధ్యమా యను సంశయమునకు సంస్కృతమే సమాధానము. 2011 జనాభా లెక్కలలో సంస్కృతము మాతృభాషయని చెప్పినవారు 24,821 మంది. అయినను హైదరాబాదు విశ్వవిద్యాలయమునందు నిర్మింపఁబడిన సంసాధనీ యను సాధనసముదాయము సంధివిచ్ఛేదమును, పదవిశ్లేషణమును, కారకసంబంధనిరూపణమును జేయును. ఫ్రాన్సుదేశమున జెరార్ హ్యూయే పండితుఁడు నిర్మించిన సంస్కృతసాధనమును నట్టిదియే. ఇందుఁ బనిచేసినది జనసంఖ్య కాదు. పాణినీయమును, దానిని జదివినవారు యంత్రశాస్త్రజ్ఞులతోఁ గలసి కూర్చుండుటయు. ఇరువదియైదు వేలమందికి మించని భాషకు సాధ్యమైనది, ఎనిమిదికోట్లమంది భాషకు సాధ్యము గాదనుట పొసఁగదు.

ఇఁక నొక యాక్షేపము గలదు. అరసున్నలును శకటరేఫములును నేఁటివారికిఁ బట్టవు. పాతగ్రంథములను ఎత్తివ్రాయునప్పుడు వానిని దొలఁగించి నేఁటి వ్రాఁతకు దింపినచో వెదకులాట చిక్కు తీఱును గదా యని. తీఱును, కాని గ్రంథము చెడును. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. వేరు చెట్టునకుండునది, వేఱు భేదము. ఏరుట యొక క్రియ, ఏఱు ప్రవాహము. ఛందస్సున యతిప్రాసములు విచారించువానికిని, శబ్దచరిత్రము వ్రాయువానికిని ఈ భేదములు ప్రమాణములు. ఒకసారి తొలఁగించినదానిని యంత్రము తిరిగి చేర్పలేదు. కావున మూలము మూలముగనే యుండవలయును. అభేదము వెదకు విధియందు మాత్రమే యుండవలయును. పాఠము నెత్తివ్రాయువారు, దిద్దువారు ఈ నియమమును బాటించుట యవసరము. వికీసోర్సు మొదలగు చోటులఁ బాతపుస్తకములను దిద్దుచున్న వారికిఁ బాఠశాలాపండితుల తోడ్పాటు మిక్కిలి యుపయోగించును.

పెక్కుమంది యువకులు ఫోనులందుఁ దెలుఁగును ఆంగ్లాక్షరములతో వ్రాయుచున్నారు. తెలుఁగు కీబోర్డు నేర్పువారు లేకపోవుట యిందులకుఁ బ్రధానకారణము. అట్టి వ్రాఁతలోఁ గల, కళ, కాల అను మూఁడు నొకే రూపముగ నుండును. వర్ణభేద మక్కడనే నశించుచున్నది. పలకపై నక్షరము దిద్దించుట యెంత పనియో, ఫోనుపై వత్తును గుణింతమును సరియైన క్రమమున వ్రాయించుటయు నేఁ డంత పనియే.

పొరుగుభాషల విషయము

సమత్వ మడుగువాఁడు సమత్వ మిచ్చువాఁడును గావలయును. తెలుఁగుదేశమున నివసించు జనులలోఁ గొందఱి మాతృభాషలు తెలుఁగు కావు. 2011 లెక్కల ప్రకారము దేశమున గోండిభాషీయులు సుమారు 29 లక్షల 84 వేలమంది. సవరలు 4 లక్షల 9 వేలు. కోయభాషీయులు 4 లక్షల 7 వేలు. ఇందేదియు నెనిమిదవ షెడ్యూలులో లేదు. కేంద్రప్రభుత్వము 2022లో నారంభించిన భాషిణి యను అనువాదప్రణాళిక షెడ్యూలు భాషల నుద్దేశించి పుట్టినది. 2025లో గిరిజనవ్యవహారముల శాఖ ఆది వాణి యను సాధనమును వెలువరించి, సంతాలీ, భీలీ, ముండారీ, గోండి భాషలతో నారంభించినది. షెడ్యూలునకు వెలుపలి భాషల కిది యొక తొలిమెట్టు.

గోండికి లిపులు లేవనుట సత్యము కాదు. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసారాం ఒక లిపిని గల్పించెను; అది 2017లో యూనికోడునఁ జేరినది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున వ్రాఁతప్రతులందు వెలుఁగులోనికి వచ్చిన గుంజాల గోండిలిపి 2018లోఁ జేరినది. తెలుఁగునకు 1991లో లభించిన చోటు, తెలుఁగుగడ్డపైనే నిలిచియున్న యీ లిపికి 27 సంవత్సరముల తరువాత లభించినది. సవరభాషకు మంగేయి గొమాంగో 1936లోఁ గల్పించిన సొరాసొంపెంగ్ లిపి 2012లోఁ జేరినది. ఒకే భాషను ఒక రాష్ట్రమున నాగరితోను, ఒకచోటఁ దెలుఁగులిపితోను, మఱియొకచోట సొంతలిపితోను వ్రాయుచుండుటచే, గోండి గ్రంథరాశి చెదరియున్నది. ఈ లిపుల నడుమ మార్పిడివిధులను గట్టుట మరల వర్ణవిచారమే.

ఈ మార్గమునఁ దెలుఁగువారికిఁ బూర్వోదాహరణము లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులు (1863-1940) సవరలతోఁ గలసి మెలసి వారి భాషను నేర్చి, పాఠపుస్తకములను రచించి, 1931లో సవరవ్యాకరణమును బ్రకటించెను. గ్రాంథికవ్యావహారిక వివాదమున నేపక్షము వారైనను ఆయన సవరకృషిని దక్కువగా నెంచలేదు. తనది కాని భాషకు లక్షణము వ్రాసిన యా పరిశ్రమయే నేఁ డా భాషకు యంత్రమునఁ జోటు గలిగించువారికి మూలధనము.

కర్తవ్యములు

పై విచారమును బట్టి పండితులకుఁ గొన్ని పనులు నిశ్చితములగుచున్నవి. శాసనములందును దాళపత్రములందును గానవచ్చి యింకను స్థానము లేని చిహ్నములను లక్ష్యములతో సహా పట్టికలు గట్టుట యొకటి. ఫాంటులలో వలపలగిలక, నకారపొల్లు, కౢకారాదులు సరిగా వచ్చుచున్నవో లేదో పరీక్షించి నిర్మాతలకుఁ దెలుపుట రెండవది. పాతగ్రంథముల నెత్తివ్రాయునప్పుడు వర్ణభేదములను జెఱుపకుండఁ జూచుట మూఁడవది. సంధివిధులను ద్రుతకార్యములను యంత్రనిర్మాతలకుఁ దెలియునట్లు, ఉదాహరణ ప్రత్యుదాహరణములతోఁ గూర్చి యిచ్చుట నాల్గవది. విద్యార్థులకుఁ దెలుఁగు కీబోర్డును నేర్పుట యైదవది. గోండి, కోయ, సవర భాషీయులు తమ భాషకు నిఘంటువులు గట్టునప్పుడు వారి యిష్టానుసారముగాఁ దోడ్పడుట యాఱవది.

వీనిలో నేదియు బహుధనసాధ్యము గాదు. శాసనపాఠమును జదువఁగలవాఁడును, వ్రాఁతప్రతిని అచ్చుపుస్తకముతోఁ బోల్పఁగలవాఁడును, ద్రుతమేదో కళ యేదో చెప్పఁగలవాఁడును గావలయును. అట్టివారు నానాఁటికిఁ దగ్గుచున్నారు. తక్కిన పనుల నాలస్యమైనను యంత్రశాస్త్రజ్ఞులు పిమ్మట నెప్పుడైనఁ జేయఁగలరు. పాతవర్ణముల యుచ్చారణమును, ప్రయోగమును, భేదమును నెఱిఁగినవారు జీవించియుండఁగా వ్రాసి యుంచనిచో, పిదప వచ్చువారికిఁ బ్రమాణము చూప నెవ్వరు నుండరు. ప్రమాణము లేని వర్ణమునకుఁ బట్టికలోఁ జోటు లేదు. కావున నీ విషయమును బరిషత్తులును బాఠశాలలును ఇప్పుడే విమర్శించి కార్యమునకుఁ బూనుకొనుట యుక్తము.